బులెటిన్ అంటే ఏమిటి, ఎలా చదవాలి: చెన్నై తెలుగువాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

నేను కోడంబాక్కంలో ఉంటూ ఇంగ్లిషు, తమిళం నుంచి తెలుగులోకి అనువాదాలు చేస్తుంటాను. ఆఫీసు కాగితాలు, ఆస్పత్రి నోటీసులు, మందుల డబ్బాల్లో మడిచి పెట్టే కరపత్రాలు, ఏది వస్తే అది. "బులెటిన్‌ని తెలుగులో ఏమంటారక్కా?" అని నన్ను అడిగినన్నిసార్లు ఇంకే మాట గురించీ అడగలేదు. ఐప్పసి (తమిళుల అక్టోబరు-నవంబరు నెల) వానలు మొదలయ్యాయంటే ప్రశ్నలు ఇంకా పెరుగుతాయి. అందుకని చెప్పిన జవాబులన్నీ ఒకచోట పెట్టాను.

ఒక్క ముక్కలో చెప్పండి, బులెటిన్ అంటే ఏమిటి?

సంగతి తెలిసిన చోటు నుంచి, దానికోసం ఎదురుచూస్తున్న జనానికి, ఫలానా వేళకు పరిస్థితి ఎలా ఉందో క్లుప్తంగా చెప్పే ప్రకటన. తుపాను ఎక్కడుంది, రోగికి ఎలా ఉంది, దేశంలో ఏం జరిగింది, ట్యాంకులో నీళ్లెప్పుడు వస్తాయి, ఏదైనా కావచ్చు. "ఫలానా వేళకు" అన్న మాటని మాత్రం వదిలేయకండి. బులెటిన్‌లో చాలామంది చూడకుండా దాటేసేది ఆ వేళనే, తిప్పలన్నీ వచ్చేదీ అక్కడే.

దీనికి తెలుగు మాట లేదా?

ఉన్నాయి, కానీ ఒక్కో చోట ఒక్కోటి. రేడియోలో, టీవీలో అయితే "వార్తలు" అంటే చాలు. ఆస్పత్రి ఇచ్చేదాన్ని "ఆరోగ్య ప్రకటన" అనొచ్చు. వాతావరణ శాఖ ఇచ్చేది "వాతావరణ సూచన" లేదా "హెచ్చరిక". సంఘాలు నెలనెలా పంచే నాలుగు పేజీలది "సమాచార పత్రిక". అన్నిటికీ కలిపి ఒకే మాట కావాలంటే మాత్రం బులెటిన్ అనే రాయండి. బస్సు, రైలు, టికెట్టు మనవైపోయినట్టే ఇదీ అయిపోయింది. నేను కొత్త పదాలు కట్టడానికి వ్యతిరేకిని కాను గానీ, చదివేవాడు ఆగి తల గోక్కునే మాట వల్ల ఎవరికీ లాభం లేదు.

తమిళంలో "అరిక్కై" అన్న ఒక్క మాటతో చాలావాటికి పని జరిగిపోతుంది. వార్తలకు సెయ్‌ది అరిక్కై, వాతావరణానికి వానిలై అరిక్కై. మన "ప్రకటన"కి అంత సాగే గుణం ఉన్నా, అది పేపర్లో అడ్వర్టయిజుమెంటుకి కూడా వాడుకైపోవడంతో "ఆస్పత్రి ప్రకటన" అంటే మాస్టర్ హెల్త్ చెకప్ మీద డిస్కౌంటు అనుకునే ప్రమాదం ఉంది.

అసలు పాత కాలంలో మనకున్న బులెటిన్ దండోరా. డప్పు మీద నాలుగు దెబ్బలు, ఊరందరూ గుమ్మంలోకి వచ్చాక నాలుగు మాటలు, ఎవరి ఆజ్ఞ మీద చెబుతున్నాడో ఆ పేరు, మళ్లీ పక్క వీధి. తమిళులూ దాన్ని తండోరా అనే అంటారు. క్లుప్తత, అధికారం, అందరికీ ఒకేసారి: బులెటిన్‌కి కావాల్సినవన్నీ అందులో ఉన్నాయి. లేనిది ఒక్కటే, కాగితం.

రాయడం ఎలా? బులెటినా, బులిటెనా, బుల్లెటినా?

"బులెటిన్" రాయండి. "బులిటెన్" కూడా పేపర్లలో కనిపిస్తుంది, దాన్ని పట్టుకుని కొట్లాడనక్కర్లేదు. "బుల్లెటిన్" మాత్రం వద్దు. ఇంగ్లిషులో రెండు ఎల్‌లు ఉన్నాయి కదా అని మనం లకు ఒత్తు ఇస్తే తుపాకీ గుర్తొస్తుంది. బహువచనం బులెటిన్లు.

తుపాకీ బుల్లెట్‌కీ దీనికీ చుట్టరికం ఉందా?

దూరపు చుట్టరికం ఉంది. లాటిన్‌లో "బుల్లా" అంటే నీటి బుడగ. బుడగలా గుండ్రంగా ఉన్న వాటన్నిటికీ ఆ పేరే పాకింది. రోమన్లు మగపిల్లల మెడలో కట్టే తాయెత్తు లాంటి గుండ్రటి బిళ్ల కూడా బుల్లాయే. తరువాత ఉత్తరాలకు, ఫర్మానాలకు వేసే గుండ్రటి ముద్రని అలా అన్నారు. పోప్ సీసపు ముద్ర వేసి పంపే ఆజ్ఞాపత్రాన్ని ఇప్పటికీ ఇంగ్లిషులో "బుల్" అంటారు, ఎద్దుతో సంబంధం లేదు. ముద్ర పేరు కాస్తా ముద్ర ఉన్న కాగితానికి వచ్చింది. ఇటలీవాళ్లు దాన్ని ముద్దుగా చిన్నది చేసి బుల్లెట్టీనో అన్నారు, అది ఫ్రెంచి మీదుగా 17వ శతాబ్దంలో ఇంగ్లిషుకి చేరింది. బుల్లెట్ అదే బుడగలోంచి ఇంకో దారిన, గుండు, బంతి అన్న అర్థం మీదుగా వచ్చింది. వైద్యులు ఒంటి మీద లేచే పెద్ద నీటిపొక్కుని ఇప్పటికీ బుల్లా అనే రాస్తారు.

అంటే బులెటిన్ అన్న మాటకి పుట్టుకలో అర్థం "ముద్ర ఉన్న చిన్న కాగితం". మన "బుల్లి"కీ దీనికీ ఏ సంబంధమూ లేదు, కానీ బుల్లి కాగితం అంటే అర్థం సరిగ్గా అతుకుతుంది. పిల్లలకు చెప్పడానికి నేను అలాగే వాడుకుంటాను.

వాక్యంలో ఏ క్రియతో వాడాలి?

ఆస్పత్రి హెల్త్ బులెటిన్ విడుదల చేస్తుంది. వాతావరణ కేంద్రం జారీ చేస్తుంది. రేడియోలో చదువుతారు, టీవీలో ప్రసారం చేస్తారు. సంఘాలు బులెటిన్ వేస్తాయి, లేదా తీసుకొస్తాయి. మాట్లాడేటప్పుడైతే అన్నిటికీ "బులెటిన్ ఇచ్చారా?" చాలు.

ఇంటి వాడకం ఒకటుంది. "సాయంత్రం ఆరయింది, పక్క ఫ్లాటు పిన్నిగారి బులెటిన్ మొదలవుతుంది" అంటే ఏ వార్తలో మీకు వేరే చెప్పాలా? పూర్వం ఇలాంటి వాళ్లని వీధి రేడియో అనేవాళ్లు, తరువాత బీబీసీ అన్నారు.

నోటీసు, సర్క్యులర్, నోటిఫికేషన్, ప్రెస్ నోట్: ఇవన్నీ బులెటిన్లేనా?

కావు. నోటీసు మిమ్మల్ని ఏదో ఒకటి చెయ్యమంటుంది, లేదా చెయ్యొద్దంటుంది: ఫీజు కట్టండి, ఇక్కడ బండి పెట్టొద్దు. సర్క్యులర్ ఒక ఆఫీసు తన కింది వాళ్లందరికీ తిప్పే కాగితం. నోటిఫికేషన్‌కి చట్టబలం ఉంటుంది, గెజిట్‌లో వస్తుంది. (ఫోన్‌లో టింగుమనేదానికీ అదే పేరు పెట్టారు, ఆ సంగతి వదిలేద్దాం.) ప్రెస్ నోట్ విలేకరుల కోసం. బులెటిన్ మాత్రం పరిస్థితి చెప్పి ఊరుకుంటుంది. పైగా దానికి ముందొకటి, వెనకొకటి ఉంటాయి. ఒంటరి బులెటిన్ అరుదు, అది వరసలో ఒక మెట్టు.

చెన్నైలో వాన బులెటిన్ చదివితే సగం అర్థం కాదు. ఏం చూడాలి?

మొదట వేళ చూడండి. నుంగంబాక్కంలో కాలేజీ రోడ్డు మీద ఉన్న ప్రాంతీయ వాతావరణ కేంద్రం ఇచ్చే ప్రతి బులెటిన్‌లోనూ తేదీ, టైము పైనే ఉంటాయి. వానలెక్క కూడా అర్ధరాత్రి నుంచి అర్ధరాత్రికి కాదు. ఉదయం 8:30 నుంచి మర్నాడు ఉదయం 8:30 దాకా పడింది ఒక రోజు వాన. "రాత్రంతా కుండపోత కురిస్తే నిన్నటి లెక్కలో రెండు సెంటీమీటర్లే వేశారేంటి?" అని మా వాచ్‌మన్ అడిగాడు. ఆ రాత్రి వాన ఇవాళ్టి లెక్కలోకి వెళ్లింది, అంతే.

రెండోది, చోటు చెప్పే మాటలు. "ఒకటి రెండు చోట్ల" అన్నది ఏదో మాటవరసకి రాసింది కాదు, కొలత ఉన్న మాట. ఆ ప్రాంతంలోని వాన కొలిచే కేంద్రాల్లో నాలుగో వంతుకు మించకుండా పడితే ఒకటి రెండు చోట్ల. సగం దాకా అయితే కొన్ని చోట్ల, ముప్పావు దాకా చాలా చోట్ల, ఆ పైన దాదాపు అన్ని చోట్లా. కాబట్టి ఒకటి రెండు చోట్ల భారీ వర్షం అన్నాక మీ వీధిలో చుక్క పడకపోతే బులెటిన్ అబద్ధం కాలేదు.

మూడోది మనలాంటి రెండు భాషల వాళ్లు పడే గుంట. భారీ వర్షం అంటే 24 గంటల్లో 64.5 నుంచి 115.5 మిల్లీమీటర్లు. ఆ పైన 204.4 దాకా తెలుగులో అతి భారీ. అదీ దాటితే అత్యంత భారీ. తమిళంలో ఇవే మెట్లు కన మళై, మిక కన మళై, అతి కన మళై. చూశారా? "అతి" మనకు నడిమి మెట్టు, వాళ్లకు పై మెట్టు. తమిళ టీవీలో "అతి కన మళై" విని నెల్లూరు వాళ్లకి "అతి భారీ వర్షమట" అని మెసేజ్ పెడితే ఒక మెట్టు దించేసినట్టే. అనువాదం పనిలో ఉండి కూడా నేను ఒకసారి ఇలా దించేశాను. చూసినవాళ్లు ఎవరూ పట్టుకోలేదు, అదే ఇంకా భయమేసింది.

గాలి సంగతికొస్తే అల్పపీడనం, వాయుగుండం, తీవ్ర వాయుగుండం, ఆ తరువాతే తుపాను. తుపాను అనాలంటే గాలి గంటకు 62 కిలోమీటర్లు అందుకోవాలి, 89కి చేరితే తీవ్ర తుపాను. అల్పపీడనానికే తుపాను అని పేరు పెట్టి భయపెట్టే బంధువులు ప్రతి ఇంట్లో ఒకరుంటారు.

వాట్సాప్‌లో వచ్చిన బులెటిన్ నమ్మొచ్చా?

నకిలీదైతే ఎలాగో తెలిసిపోతుంది. చిక్కంతా అసలైనదే పాతబడి రావడంతో. తుపానుగా మారాక బులెటిన్లు మూడు గంటలకొకటి వస్తాయి, తీరం దగ్గరికొచ్చాక గంటగంటకూ వస్తాయి. పొద్దున్నది మధ్యాహ్నానికి పనికిరాదు.

2023 డిసెంబరు 4, మిచౌంగ్ తుపాను. (కొందరు మిగ్‌జాం అన్నారు. మయన్మార్ పెట్టిన పేరు, నోరు తిరగక మనం ఎవరికి తోచినట్టు వాళ్లం పలికాం.) మా వీధిలో మోకాలి లోతు నీళ్లు, కరెంటు లేదు, ఫోన్‌లో పద్నాలుగు శాతం చార్జింగు. వేళచ్చేరి, ముడిచ్చూరు వైపు వాళ్ల గతి ఇంకా ఘోరం, విమానాశ్రయం మూసేశారు. ఆ మధ్యాహ్నం బాపట్ల నుంచి మా చిన్నాన్న ఫోను.

"ఏమ్మా, మీకు కొట్టేసిందటగా? పోనీలే, ఇంక మా దాకా ఏమొస్తుంది. రేపు పొద్దున నిజాంపట్నం పనుంది, వెళ్లొస్తా."

"చిన్నాన్నా, నువ్వు చూసిన బులెటిన్ ఎప్పటిది?"

"గ్రూపులో వచ్చింది."

"పైన టైము ఏముంది?"

కాసేపు మాట లేదు. కళ్లజోడు వెతుక్కుంటున్నట్టున్నాడు. "మూడో తారీఖు రాత్రి" అన్నాడు చివరికి.

నా దగ్గరున్నది అప్పుడే వచ్చింది. అందులో తుపాను తీరం దాటేది చెన్నైలో కాదు, నెల్లూరు, మచిలీపట్నం మధ్య, బాపట్ల దగ్గర అని ఉంది. మా ఊరిని ముంచింది దాని పక్క నుంచి పోతూ కురిసిన వానే. మర్నాడు 5వ తేదీ మధ్యాహ్నం అది బాపట్ల దగ్గరే తీరం దాటింది, తీవ్ర తుపానుగా. చిన్నాన్న ఇంట్లోనే ఉన్నాడు. వాళ్ల పెరట్లో మునగచెట్టు పోయింది.

రెడ్ అలర్ట్ అంటే స్కూలుకి సెలవేనా?

సెలవిచ్చేది కలెక్టరు, వాతావరణ శాఖ కాదు. బులెటిన్‌లో సెలవు మాట ఎక్కడా ఉండదు. ఇంకో సంగతి, రెడ్ "అలర్ట్" అన్నది మీడియా అలవాటు. వాతావరణ శాఖ లెక్కలో పసుపు అంటే గమనిస్తూ ఉండండి, నారింజ అంటే అలర్ట్, సిద్ధంగా ఉండండి, ఎరుపు అంటే హెచ్చరిక, ఇక కదలండి. అలర్ట్ నారింజదే.

రేవులో ఎగరేసే "ఒకటో నంబరు ప్రమాద సూచిక" కూడా బులెటినా?

ఓడలవాళ్లకి అది అక్షరాలు అక్కర్లేని బులెటిన్. ఒకటి నుంచి పదకొండు దాకా ఉంటాయి. ఒకటి అంటే దూరంగా సముద్రంలో ఏదో తయారవుతోందని. ఎనిమిది, తొమ్మిది, పది మహా ప్రమాదం. పదకొండు నాకు ఇష్టమైనది: తుపాను హెచ్చరిక కేంద్రంతో సంబంధాలు తెగిపోయాయి అని దాని అర్థం. కబురు లేదు అన్నదే కబురు.

హెల్త్ బులెటిన్‌లో "ఆరోగ్యం నిలకడగా ఉంది" అంటే బాగున్నట్టా?

కాదు. ఈ ఒక్క జవాబు గుర్తు పెట్టుకుంటే మిగతావి మరిచిపోయినా ఫర్వాలేదు.

నిలకడ అంటే ముందు చూసినప్పటికీ ఇప్పటికీ మార్పు లేదని. వెంటిలేటరు మీద ఉన్న మనిషి కూడా నిలకడగా ఉండొచ్చు. "విషమంగా ఉన్నా నిలకడగా ఉంది" అని రాస్తే అందులో తప్పేమీ లేదు, గోడ అంచున నిలబడ్డవాడు కదలకుండా నిలబడ్డాడని చెప్పడం. "చికిత్సకు స్పందిస్తున్నారు" అంటే మందు పనిచేస్తోందని, కోలుకున్నారని కాదు. "నిపుణుల బృందం నిరంతరం పర్యవేక్షిస్తోంది" అన్న వాక్యం ప్రతి బులెటిన్‌లోనూ ఉంటుంది, దాంట్లోంచి ఏమీ తీయలేరు. తీయగలిగేది విశేషణం మారినప్పుడే. అందుకే నిన్నటి బులెటిన్ పక్కన పెట్టుకుని ఇవాళ్టిది చదవాలి.

2020లో ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం గారు ఆగస్టు 5న ఇదే ఊళ్లో ఆస్పత్రిలో చేరారు. చేరేటప్పుడు ఆయనే వీడియోలో మాట్లాడారు, కొద్దిగా జలుబు, జ్వరం, కంగారు పడకండి అని. వారం దాటాక, ఐసీయూకి మార్చామని బులెటిన్ వచ్చిన రోజు నుంచి మా ఇళ్లన్నిట్లో సాయంత్రాలు మారిపోయాయి. వెంటిలేటర్, ఎక్మో (గుండె, ఊపిరితిత్తుల పనిని ఒంటి బయట నుంచి చేసే యంత్రం) అన్న మాటలు మా అమ్మ నోటికి కూడా వచ్చేశాయి. "ఎక్మో మీద నిలకడగా ఉన్నారట" అని ఆవిడే ఫోన్లలో చెప్పేది, ఆ గొంతులో బాగున్నారన్న నమ్మకం. మధ్యలో ఆయన కుమారుడు చరణ్ చెప్పే కబుర్లు కాస్త ఊరటనిచ్చేవి. సెప్టెంబరు 24 సాయంత్రం బులెటిన్‌లో విశేషణం మారింది: అత్యంత విషమం, గరిష్ఠ స్థాయిలో ప్రాణాధార సాయం. నాలుగే వాక్యాలు. నేను తెలుగులో చదివి వినిపిస్తుంటే అమ్మ మధ్యలోనే లేచి వంటింట్లోకి వెళ్లిపోయింది. మర్నాడు మధ్యాహ్నం ఒంటిగంటకు ఆయన పోయారు.

అంతకు నాలుగేళ్ల ముందు, 2016లో ఈ ఊరు ఇంకో రకంగా బులెటిన్ల కోసం కాచుకుంది. జయలలిత గారు సెప్టెంబరు 22న ఆస్పత్రిలో చేరారు, 75 రోజులు. డిసెంబరు 5 సాయంత్రం కొన్ని టీవీల్లో ఆమె మరణించారని వచ్చేసింది, పార్టీ ఆఫీసులో జెండా దించారు. ఆస్పత్రి అది నిజం కాదంది, జెండా మళ్లీ పైకి వెళ్లింది. ఆ రాత్రే అసలు ప్రకటన వచ్చింది. స్క్రోలింగుకీ బులెటిన్‌కీ తేడా ఏమిటని అడిగే పిల్లలకు నేను ఆ సాయంత్రం సంగతే చెబుతాను. ఆ తరువాత సరిగ్గా వారానికి, డిసెంబరు 12న, వర్దా తుపాను చెన్నై మీదే తీరం దాటింది. ఒక బులెటిన్ల వరస ముగిసిందో లేదో ఇంకోటి మొదలు.

మామూలు మనుషులకు ఆస్పత్రి బులెటిన్ ఇస్తుందా?

ఇవ్వదు, ఇవ్వకూడదు కూడా. రోగి వివరాలు బయటికి చెప్పడానికి వీల్లేదు. ఊరంతా ఎదురుచూసే మనిషి అయితే, కుటుంబం ఒప్పుకుంటే ఇస్తారు. మనకైతే డాక్టరు రౌండ్ల తరువాత ఐసీయూ తలుపు దగ్గర రెండు నిమిషాల మాట, అదే మన బులెటిన్.

ఆ రెండు నిమిషాల్లో నేను చేసిన తప్పొకటుంది. మా అత్తగారు ఒక ప్రైవేటు ఆస్పత్రి ఐసీయూలో ఉన్నప్పుడు డ్యూటీ డాక్టరు నడుస్తూనే "స్టేబుల్‌మా" అని వెళ్లిపోయాడు. నేను నెల్లూరులో ఉన్న ఆవిడ తమ్ముడికి ఫోన్ చేసి "నిలకడగా ఉందట మావయ్యా" అన్నాను. ఆయన "హమ్మయ్య, అయితే ఆదివారం వస్తాలే" అని మర్నాటి పినాకిని రైలు టికెట్టు రద్దు చేసుకున్నాడు. ఆ రాత్రి రెండున్నరకు ఆస్పత్రి నుంచి మాకు ఫోన్ వచ్చింది. ఆయన వచ్చేసరికి అంతా అయిపోయింది. నన్ను ఒక్క మాట అనలేదు.

కాబట్టి మీరు ఆ తలుపు దగ్గర నిలబడ్డప్పుడు "ఎలా ఉంది?" అని కాదు, "నిన్నటికీ ఇవాళ్టికీ ఏం మారింది? ఊళ్లో ఉన్నవాళ్లని రమ్మనాలా?" అని అడగండి. రెండో ప్రశ్నకి డాక్టర్లు దాదాపు ఎప్పుడూ నిజమే చెబుతారు.

రేడియో వార్తల్ని బులెటిన్ అని ఎందుకంటారు?

కొలత ఉన్న వార్తలు కాబట్టి. ఐదు నిమిషాలంటే ఐదే, పది అంటే పదే. దేశం అంతా తలకిందులైనా ముఖ్యాంశాలు, వివరాలు, ముఖ్యాంశాలు మరోసారి, అయిపోయింది. మద్రాసు రేడియో కేంద్రం 1938 జూన్ 16న మొదలైంది. విజయవాడ కేంద్రం 1948 డిసెంబరు 1న వచ్చేదాకా కోస్తా జిల్లాల వాళ్లకు రేడియో అంటే మద్రాసే. తెలుగు జాతీయ వార్తలు ఢిల్లీ నుంచి వచ్చేవి. సినిమాల్లోకి రాకముందు కొంగర జగ్గయ్య అక్కడే వార్తలు చదివారు. ఆ గొంతుకి అప్పటికే ఊళ్లో సగం మంది అభిమానులై ఉంటారు.

టీవీలో గంటకొకటి అని చెప్పి రోజంతా ఒకే వార్త తిప్పడాన్ని కూడా బులెటిన్ అనే అంటున్నారు. నా దృష్టిలో ముగింపు లేనిది బులెటిన్ కాదు.

బులెటిన్‌లో అబద్ధం ఉండొచ్చా?

ముద్ర ఉంటే నిజమని నమ్మకం గనుకే అబద్ధానికి అంత అనువైన చోటు ఇంకోటి లేదు. నెపోలియన్ 1805 నుంచి తన సైన్యం గురించి బులెటిన్లు వేయించి దేశమంతా పంచేవాడు. గెలుపుని పెంచి, నష్టాన్ని తగ్గించి. చివరికి ఫ్రెంచివాళ్లలో "బులెటిన్‌లా అబద్ధమాడటం" అని సామెతే పుట్టింది. 1812 డిసెంబరులో వచ్చిన 29వ బులెటిన్‌లో మాత్రం రష్యా మంచులో సైన్యం నాశనమైందని ఒప్పుకున్నాడు. ఆ బులెటిన్ చివరి వాక్యం చక్రవర్తి ఆరోగ్యం ఎన్నడూ ఇంత బాగా లేదు అని! సైన్యం పోయిందని చెప్పి చివర్న హెల్త్ బులెటిన్.

ఫ్రెంచిలో దీనికి వేరే అర్థం ఉందంటారు, నిజమేనా?

యానాంలోనో పుదుచ్చేరిలోనో మీకు పాత ఫ్రెంచి ఉద్యోగుల బంధువులుంటే అడగండి. ఫ్రెంచిలో ఓటు చీటీ కూడా బులెటినే, జీతం చీటీ కూడా బులెటినే, పిల్లల మార్కుల కాగితం కూడా. బుల్లి కాగితం అన్న పాత అర్థం అక్కడ చెదరలేదు.

రోజూ చూడదగ్గ బులెటిన్ ఏదైనా ఉందా?

నాకైతే చెరువుల లెక్క. పూండి, చోళవరం, పుళల్, చెంబరంబాక్కం, ఒక్కోదాంట్లో ఎన్ని అడుగులు, ఎంత నీరు అని చెన్నైలో రోజూ పట్టిక వస్తుంది. చెంబరంబాక్కం నిండితే 24 అడుగులు, 3,645 మిలియన్ ఘనపుటడుగులు. 2019 వేసవిలో ఆ పట్టికలో అంకెలు దాదాపు సున్నా. పూండి వరుసలో ఆంధ్రలోని కండలేరు జలాశయం నుంచి వచ్చే నీటి లెక్క కనిపించినప్పుడు నాకు చిన్న గర్వం: తెలుగు గంగ కాలువలో మన కృష్ణ నీళ్లు ఊత్తుకోట మీదుగా వచ్చి ఈ ఊరి కుళాయిల్లో పడతాయి. తెలుగువాళ్లం కదా, ఈ ఊరికి నీళ్ల విషయంలోనైనా పుట్టింటి వాళ్లమని అనుకుంటాను. మా ఇంటాయన దీన్ని ఒప్పుకోరు.

కాలుష్య నియంత్రణ మండలి గాలి బులెటిన్ కూడా రోజూ సాయంత్రం 4 గంటలకు వస్తుంది. భోగి నాటి సాయంత్రం చూడండి, పాత చాపలూ టైర్లూ ఎన్ని కాల్చామో తెలుస్తుంది. మిగతావి, రిజర్వు బ్యాంకు 1947 జనవరి నుంచి నెలనెలా తెస్తున్న బులెటిన్, లోక్‌సభ బులెటిన్లు, వాటితో పనున్నవాళ్లు చదువుకుంటారు.

మా అపార్ట్‌మెంటుకి బులెటిన్ రాయమన్నారు. ఎలా మొదలుపెట్టాలి?

"గౌరవనీయులైన నివాసులకు నమస్కారములు, మీ అందరి సహకారంతో" అని మాత్రం మొదలుపెట్టకండి. ఆ వాక్యం అయ్యేసరికి లిఫ్ట్ వచ్చేస్తుంది, చదివేవాడు ఎక్కి వెళ్లిపోతాడు. పోయినసారి మా బ్లాకులో నేను రాసింది ఇది:

"నీళ్ల ట్యాంకు పని, 3వ బులెటిన్. శనివారం సాయంత్రం 6 గంటలకు. పై ట్యాంకు కడగడం అయిపోయింది. కింద సంపులో మోటారు విప్పారు, ఇంకా బిగించలేదు. రాత్రి 9 దాకా కుళాయిల్లో నీళ్లు రావు. గేటు దగ్గర పది క్యాన్లు పెట్టించాం, ఇంటికొకటి తీసుకోండి. తరువాతి కబురు రాత్రి 9కి. కార్యదర్శి, బి బ్లాకు."

నంబరు, వేళ, అయినది, కానిది, మళ్లీ ఎప్పుడు చెబుతారో, ఎవరు చెబుతున్నారో. తొమ్మిదికి మోటారు బిగించకపోయినా సరే, తొమ్మిదికి నాలుగో బులెటిన్ పెట్టాలి. "ఇంకా కాలేదు" అని రాసి పెట్టినా జనం ఊరుకుంటారు. ఏమీ పెట్టకపోతే పావుగంటలో మీ తలుపు కొడతారు. చెన్నైలో కాబట్టి కింద తమిళంలోనూ రాయించండి, వాచ్‌మన్‌కీ పనమ్మాయికీ అదే కావాలి.

పాత బులెటిన్లు దాచుకోవాలా?

వానవి, ఆరోగ్యానివి పారేయండి, లేకపోతే ఎవరో ఒకరు మళ్లీ ఫార్వర్డ్ చేస్తారు. సంఘాలవి దాచండి. మా మామగారి ట్రంకుపెట్టెలో ఒక తెలుగు సంఘం వాళ్ల పాత సైక్లోస్టైల్ బులెటిన్ దొరికింది. ఉగాది పచ్చడికి వేపపువ్వు ఎవరింటి చెట్టుది కోసుకోవచ్చో, ఊరికి వెళ్లేవాళ్ల చేత ఎవరెవరికి ఆవకాయ జాడీలు తెప్పించాలో రాసుంది. కింద ముద్ర ఉంది, గుండ్రంగా, సగం అలికిపోయి.